కుందేళ్ళను కబళించే వైరస్‌లు

గత వేసవిలో ఒకనాటి ఉదయము మా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలకు బి.ఎస్సీ. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు చెప్పుల అట్టపెట్టె ఒకటి పట్టుకొని వచ్చినాడు. మూత తీస్తే లోపల తెల్లని పెంపుడు కుందేలు చనిపోయి ఉన్నది. రాత్రి పడుకోబోయే వరకు ముల్లంగి ఆకులు తిన్నదట. తెల్లవారి చూస్తే గూటిలో కాళ్ళు చాచుకొని పడి ఉన్నదట. ముక్కు దగ్గర కొంచెము రక్తము ఎండి కనిపించినది.

“మాస్టారూ, దీనికి ఏమయిందండీ? దీని జత ఇంకోటి ఇంట్లో ఉందండీ. అది కూడా పోతుందాండీ?” అని అడిగినాడు.

మే నెల. ముందు రోజు మధ్యాహ్నము విజయనగరము వీధులలో పురుగు కూడా కదలనంత ఎండ. “ఎండదెబ్బ అయి ఉంటుందిలే” అని చెప్పి, ప్రయోగశాల అటెండరు చేత కళాశాల వెనుక వేపచెట్టు క్రింద గొయ్యి తీయించి పాతిపెట్టించినాను. పిల్లవాడు తల ఊపి వెళ్ళిపోయినాడు. ఆ వారములోనే ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరములో ఉంటున్న మా అక్క ఫోను చేసినప్పుడు మాటల సందర్భములో ఈ సంగతి చెప్పినాను. ఆమె వెంటనే, “పాతేశావా? ముక్కులో రక్తం చూసి కూడానా? ఇక్కడయితే ముందు కాలేయం ముక్క తీసి పరీక్షకు పంపుతారురా” అన్నది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్లు ఎండదెబ్బ మాటనే నేను ఇంకా కొంతసేపు సమర్థించుకొన్నాను కాని, తప్పు నాదేనని ఫోను పెట్టక ముందే తెలిసిపోయినది.

అక్క ఆ మాట ఊరికే అనలేదు. 2021లో వాళ్ళ ఇంటి కుందేలు కూడా ఇట్లాగే ఒక్క రాత్రిలో చనిపోయినది. దానికి క్రమము తప్పకుండా టీకాలు వేయించినారు. అప్పుడు పదేళ్ళ వయస్సున్న మా మేనకోడలు, “టీకా వేయించాము కదా మామయ్యా, మరి ఎందుకు పోయింది?” అని నన్ను అడిగినది. ఏదో చెప్పి ఊరుకోబెట్టినాను. ఈ విద్యార్థి ప్రశ్నకు, ఆ పిల్ల ప్రశ్నకు సమాధానము ఒకే చోట ఉన్నది. దానిని తెలుసుకొనుటకు తరువాత చదివినదే ఈ వ్యాసము.

ముందుగా పేర్ల తగవు ఒకటి తీర్చుకొందాము. మన పల్లెలలో కుందేలు అన్నా చెవులపిల్లి అన్నా ఒకటే. కాని మన మెట్టపొలములలో, కొండ దిగువల తుప్పలలో కనబడేది ఒక జంతువు, ఇళ్ళలో పెంచే తెల్లని మెత్తని జంతువు మరొకటి. పొలములోనిది బొరియ త్రవ్వదు. దాని పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, తెరచిన కళ్ళతో ఉంటవి. పంచతంత్రములో సింహమును నూతిలో దూకించినది ఈ జాతిదే. వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దీనికి రక్షణ ఉన్నది. పట్టుట, చంపుట నేరము. పెంపుడు కుందేలు పూర్వీకుల స్వస్థలము ఐరోపాలోని స్పెయిను, పోర్చుగల్ ప్రాంతము. అది బొరియలలో గుంపులుగా బ్రదుకుతుంది, దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు తెరవకుండా పుడతవి. ఇక్కడ చెప్పబోయే వ్యాధులు ముఖ్యముగా ఈ రెండవ దానివి.

1984లో చైనాలోని జియాంగ్సు రాష్ట్రములో ఉన్ని కొరకు పెంచే అంగోరా కుందేళ్ళు హఠాత్తుగా చనిపోసాగినవి. అంతకు కొద్ది కాలము ముందే జర్మనీ నుండి వాటిని తెప్పించినారు. సాయంత్రము మేత మేసిన జంతువు ఉదయమునకు లేదు. ఒక సంవత్సరము గడవక ముందే చైనాలో సుమారు 14 కోట్ల పెంపుడు కుందేళ్ళు ఈ విధముగా నశించినవని లెక్కకట్టినారు. కొద్ది సంవత్సరములలో వ్యాధి కొరియాకు, ఐరోపాకు పాకినది. దీనికి కుందేళ్ళ రక్తస్రావ వ్యాధి అని పేరు పెట్టినారు.

దీనిని కలిగించేది కాలిసివైరస్ కుటుంబమునకు చెందిన అతి చిన్న వైరస్. ఒక మిల్లీమీటరు పొడవున వరుసగా పేర్చవలెనంటే ఇవి పాతికవేలకు పైగా కావలెను. లోపల ఒకే ఒక ఆర్.ఎన్.ఏ. పోగు, దాని చుట్టూ ప్రోటీను డిప్ప, అంతే. ఇన్‌ఫ్లూయెంజా, కరోనా వైరస్‌లకు ఉన్నట్లు క్రొవ్వుతో చేసిన పైతొడుగు దీనికి లేదు. తొడుగు లేనిది బలహీనమని అనుకొంటాము; నిజము అందుకు విరుద్ధము. క్రొవ్వు తొడుగు గల వైరస్‌ను సబ్బు నీళ్ళు ఛేదించగలవు. తొడుగు లేని ఈ వైరస్ సబ్బును లెక్కచేయదు, ఎండిన గుడ్డ మీద, గడ్డి మీద, కళేబరములో వారములు, అనుకూలముగా ఉంటే నెలలు నిలిచి ఉంటుంది. మంచులో గడ్డకట్టినా చావదు.

నోటి ద్వారానో ముక్కు ద్వారానో లోపల ప్రవేశించి ఈ వైరస్ కాలేయమును పట్టుకొంటుంది. ఒకటి నుండి మూడు రోజులలో జ్వరము వస్తుంది. కాలేయ కణములు పెద్ద ఎత్తున చనిపోతవి. రక్తమును గడ్డకట్టించే పదార్థములు చాలవరకు కాలేయములోనే తయారవుతవి అని మనకు తెలుసు. ఇక్కడ జరిగే విపరీతము ఏమంటే, మొదట శరీరమంతటా సన్నని రక్తనాళములలో రక్తము గడ్డలు కడుతుంది. ఆ గడ్డల వలన ఉన్న సరుకు అంతా ఖర్చయిపోయి, కొత్త సరుకు తయారు చేసే కాలేయము పాడయి, చివరకు ఆపుటకు ఏమీ మిగలక ఊపిరితిత్తులలో, ముక్కులో రక్తము కారుతుంది. జ్వరము కనిపించిన తరువాత చాలా వాటికి 12 నుండి 36 గంటలే ఆయువు. కొన్ని ఏ లక్షణము చూపకుండానే పడిపోతవి. వ్యాధి ముదిరిన తరువాత దానిని త్రిప్పగల మందు లేదు.

ఈ వైరస్ మనుష్యులకు సోకదు. అయినా మన రక్తముతో దానికి ఒక విచిత్రమైన సంబంధము ఉన్నది. వ్యాధితో చనిపోయిన కుందేలు కాలేయమును నూరి, ఆ ద్రవమును మనుష్యుల ‘ఓ’ వర్గపు ఎర్ర రక్తకణములతో కలిపితే కణములన్నీ గుంపులుగా అతుక్కొంటవి. కుందేలు ప్రేగుల, శ్వాసనాళముల లోపొరలలో ఈ వైరస్ పట్టుకొనే చక్కెర గొలుసుల వంటివే మన ‘ఓ’ వర్గపు కణముల మీద కూడా ఉండుటయే దీనికి కారణము. ఆధునిక పరీక్షలు రాక ముందు చాలా కాలము ఈ వ్యాధిని నిర్ధారించుటకు ప్రయోగశాలలలో ఈ ఉపాయమునే వాడినారు. ఇప్పుడు కరోనా రోజులలో ఊరూరా వినిపించిన పి.సి.ఆర్. పరీక్షయే ఇక్కడా ప్రధానము.

మరొక విచిత్రము. పాత రకపు వైరస్ పసికూనలను చంపలేదు. నాలుగు వారముల లోపు పిల్లలకు అది సోకినా అవి బ్రతికి, జీవితాంతము నిరోధక శక్తి సంపాదించుకొనేవి. తల్లిని కోల్పోయిన పిల్ల బ్రతికి ఉండుట వ్యాధి పోలికలలో ఒకటిగా ఉండేది. ఈ మాట జ్ఞాపకము ఉంచుకోండి. తరువాత పనికి వస్తుంది.

ఇక ఆస్ట్రేలియా కథ. మా మేనకోడలు ప్రశ్నకు సమాధానము ఆ దేశ చరిత్రలో ఉన్నది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి మెల్బోర్న్‌కు పడమట ఉన్న తన ఎస్టేటులో వేటాడుకొనుటకు ఇంగ్లండు నుండి 24 కుందేళ్ళను తెప్పించి విడిచినాడు. వాటిని తినే మృగములు తక్కువ, గడ్డి కావలసినంత. 1950 నాటికి అవి సుమారు 60 కోట్లు అయినవని అంచనా. గొఱ్ఱెల మేత పోయినది, నేల గాలికి కొట్టుకొనిపోయినది. కంచెలు కట్టినారు, విషము పెట్టినారు. లాభము లేకపోయినది.

అప్పుడు ఆ దేశపు శాస్త్రజ్ఞులు వైరస్‌ను ఆయుధముగా తీసుకొన్నారు. అది మిక్సోమా వైరస్. మశూచి వైరస్‌ల కుటుంబములోనిది. 1896లో మాంటెవిడియో నగరములో జుసెప్పే సనరెల్లి అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో కుందేళ్ళు కనురెప్పలు వాచి, చెవులు వాచి చనిపోగా ఈ వ్యాధి మొదట గుర్తించబడినది. దక్షిణ అమెరికా అడవి కుందేలుకు ఇది చిన్న గడ్డ మాత్రమే. ఐరోపా కుందేలుకు మృత్యువు. ఇది గాలిలో రాదు, దోమల, ఈగుల ముక్కుకు అంటుకొని ఒక జంతువు నుండి మరొక జంతువుకు చేరుతుంది. 1950లో ముర్రే నది లోయలో విడిచినారు. మొదట ఏమీ జరగలేదు. ఆ సంవత్సరము వానలు బాగా కురిసి దోమలు పెరిగేసరికి వేలమైళ్ళు ప్రాకి, సోకిన నూటికి 99కి పైగా కుందేళ్ళను చంపినది.

సరిగా అదే సమయములో ఆ నదీ ప్రాంతములో మనుష్యులలో మెదడువాపు జ్వరము వచ్చినది. కుందేళ్ళ వైరస్సే మనుష్యులకు ఎక్కినదని ప్రజలలో గగ్గోలు పుట్టినది. అప్పుడు మెక్‌ఫార్లేన్ బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు మిక్సోమా వైరస్‌ను తమ శరీరములలోకే సూదితో ఎక్కించుకొన్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. జ్వరమునకు కారణము వేరొక వైరస్ అని తేలినది. బర్నెట్‌కు 1960లో నోబెల్ బహుమానము వచ్చినది, అయితే వేరే పరిశోధనలకు. ఈ పనికి కూడా ఒక బహుమానము ఇవ్వవలసినదని నాకు అనిపిస్తుంది.

ఫెన్నర్ అక్కడితో ఊరుకోలేదు. అడవి నుండి ప్రతి సంవత్సరము వైరస్‌ను సేకరించి, వ్యాధి ఎన్నడూ ఎరుగని ప్రయోగశాల కుందేళ్ళలో దాని ఉగ్రత కొలిచినాడు. మరొక ప్రక్క అడవి కుందేళ్ళను పట్టి తెచ్చి, ఒకే ప్రమాణపు వైరస్‌తో వాటి నిరోధక శక్తిని కొలిచినారు. కొద్ది సంవత్సరములలోనే రెండూ మారినవి. వైరస్ మెత్తబడినది. ఉరానా అనే సరస్సు దగ్గరి కుందేళ్ళలో, వరుసగా వచ్చిన ఏడు మహమ్మారుల తరువాత, అదే పరీక్షలో మరణములు నూటికి 90 నుండి సుమారు 25కు దిగినవి. ప్రకృతి వరణము కళ్ళ ఎదుట జరుగుటను ఇంత స్పష్టముగా కొలిచిన సందర్భములు జీవశాస్త్రములో కొద్దియే. జంతువుల వ్యాధిపై నిఘా అంటే చచ్చినవాటిని లెక్కపెట్టుట మాత్రమే కాదనీ, వ్యాధికారకమును, జంతువును రెండింటినీ ఏటేటా కొలుస్తూ ఉండుట అనీ దీని వలన తెలిసినది.

వైరస్ ఎందుకు మెత్తబడినది? దోమ ప్రాణమున్న జంతువునే కుట్టుతుంది. పది రోజులలో చంపే వైరస్ కన్న, మూడు వారములు కుందేలును మంచము మీద ఉంచే వైరస్‌కు దోమలు ఎక్కువ దొరుకుతవి. ఆ మధ్యరకపు వైరస్సే నిలదొక్కుకొన్నది.

కుందేళ్ళు మళ్ళీ పెరిగినవి. ఈసారి ఆస్ట్రేలియా చూపు చైనాలో బయటపడిన రక్తస్రావ వైరస్ మీద పడినది. దక్షిణ ఆస్ట్రేలియా తీరమున వార్డంగ్ అనే చిన్న దీవిలో కంచెల మధ్య పరీక్షలు మొదలు పెట్టినారు. 1995 అక్టోబరులో వైరస్ దీవి దాటి ప్రధాన భూభాగములో కనిపించినది. కళేబరములపై వాలిన ఈగలు గాలివాటున మోసుకొనిపోయినవని భావిస్తున్నారు. ఈగ కాళ్ళకే కాదు, అది వదిలే చిన్న నల్లచుక్కలలో కూడా ప్రాణమున్న వైరస్ ఉంటుందని తరువాత పరీక్షలలో తేలినది. 1996లో ప్రభుత్వమే దేశమంతటా విడిచినది. న్యూజీలాండు ప్రభుత్వము 1997లో బాగా ఆలోచించి, తమకు వద్దని నిర్ణయించినది. కొందరు రైతులు ఆగలేదు. దొంగతనముగా వైరస్‌ను తెప్పించి, చనిపోయిన కుందేళ్ళ కాలేయములను వంటింటి మిక్సీలో రుబ్బి పొలములలో చల్లినారు. అంత పెద్ద దేశపు సరిహద్దు కాపలాకూడా అప్పుడు ఏమీ చేయలేకపోయినది.

ఈ రెండవ వైరస్ మిక్సోమా వలె మెత్తబడలేదు. కారణము ఊహించుట కష్టము కాదు. దీనిని వ్యాపింపజేసే ఈగకు ప్రాణమున్న కుందేలు అక్కర లేదు, కళేబరము కావలెను. త్వరగా చంపే వైరస్‌కే ఇక్కడ లాభము. “వ్యాధులన్నీ కాలక్రమమున వాటంతట అవే శాంతిస్తవి” అని కరోనా కాలములో మనము తరచు విన్న మాటకు ఈ రెండు వైరస్‌లు రెండు దిక్కుల సాక్ష్యము ఇస్తున్నవి. శాంతించుటా మానుటా అది ఎట్లా ప్రయాణము చేస్తుందో దానిని బట్టి ఉంటుంది.

2010లో ఫ్రాన్సులో కొత్త సంగతి ఒకటి బయటపడినది. టీకా వేసిన కుందేళ్ళు చనిపోయినవి. బ్రతికి ఉండవలసిన పసికూనలు కూడా చనిపోయినవి. పరీక్షించి చూస్తే అది పాత వైరస్ కాదు, దాని దాయాది. దానికి రెండవ రకము అని పేరు పెట్టినారు. పాత టీకా వలన పుట్టిన ప్రతిరక్షకములు దాని పైప్రోటీనును సరిగా గుర్తుపట్టలేవు. ఇది ఐరోపాలో పలు జాతుల చెవులపిల్లులకు కూడా సోకినది. స్పెయినులో అడవి కుందేళ్ళు తగ్గిపోగా వాటిని తిని బ్రతికే ఐబీరియా లింక్స్ అనే అడవిపిల్లికి ఆహారము కరువయినది. ఆస్ట్రేలియాలో పీడ అయిన జంతువు సొంత దేశములో మరొక జంతువుకు ప్రాణాధారము.

2015లో ఈ రెండవ రకము ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా నగరము దగ్గర కనిపించినది. దానిని ఎవరూ అనుమతితో విడువలేదు. ఏడాదిన్నర లోపల అన్ని రాష్ట్రములలో పాకి, పాత వైరస్‌ను చాలవరకు త్రోసివేసినది. ప్రభుత్వము 2017లో కొరియా నుండి తెచ్చిన మరొక రకమును దేశమంతటా విడుచునాటికే రంగము దీని చేతిలోకి పోయినది.

ఇంత వివరముగా ఎట్లా తెలిసినది? ఆ దేశములో ఎవరి పొలములోనైనా, పార్కులోనైనా చనిపోయిన కుందేలు కనిపిస్తే దానిని ఫోనులోని ఒక పటములో నమోదు చేయవచ్చును. అడిగితే చిన్న సీసాలు పంపుతారు. కాలేయపు ముక్కను అందులో వేసి పంపితే కాన్‌బెర్రాలోని శాస్త్రజ్ఞులు జన్యువులు చదివి, ఏ వైరస్సో తేల్చి, పంపినవారికి తెలుపుతారు. రైతులు, నడకకు వచ్చినవారు, పశువైద్యులు పంపిన ఇటువంటి ముక్కల నుండే ఆ దేశపు వైరస్ పటము తయారయినది. ప్రభుత్వము ఈ నిఘా పెట్టినది ముఖ్యముగా కుందేళ్ళు ఎంత బాగా చస్తున్నవో తెలుసుకొనుటకు. అదే సమాచారమును పెంపుడు కుందేళ్ళు గలవారు తమ పేటకు వ్యాధి వచ్చినదా అని చూసుకొనుటకు వాడుకొంటున్నారు. చంపుటకు పెట్టిన దుర్భిణిలో నుండి కాపాడుకొనేవారు కూడా చూస్తున్నారన్న మాట.

మా మేనకోడలు కుందేలును కూడా పశువైద్యుడు ఇట్లాగే పరీక్షకు పంపినాడు. రెండవ రకపు వైరస్ అని తేలినది. దానికి వేయించినది పాత రకపు టీకా. కొత్త రకమునకు ప్రత్యేకముగా చేసిన టీకా ఐరోపాలో ఉన్నా, ఆస్ట్రేలియాలో అప్పటికి ప్రజలకు అందుబాటులోకి రాలేదు. ఆ పిల్లకు అప్పుడు చెప్పవలసిన సమాధానము ఇది.

అక్కడి నియమములలో వింతలు కూడా ఉన్నవి. రక్తస్రావ వ్యాధికి చంపిన వైరస్‌తో చేసిన టీకా వేయవచ్చును. అది టీకా పొందిన జంతువును దాటి పోదు. మిక్సోమాకు ఐరోపాలో వాడేది ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకా. అది అడవి కుందేళ్ళకు అంటి వాటికి రక్షణ కలిగిస్తుందేమో అన్న భయముతో ఆస్ట్రేలియాలో నిషేధించినారు. కనుక మెల్బోర్న్‌లో పిల్లలు గూటికి సన్నని దోమతెర కట్టుకొని సరిపెట్టుకోవలెను. బ్రిస్బేన్ నగరము ఉన్న క్వీన్స్‌లాండు రాష్ట్రములో అయితే ఇంట్లో కుందేలును పెంచుటయే నేరము. ఇంద్రజాలము చేసేవారికి మాత్రము అనుమతి ఇస్తారు, టోపీలో నుండి తీయుటకు!

ఈ రక్తస్రావ వ్యాధి టీకాల తయారీలో చాలా కాలము ఒక బాధాకరమైన చిక్కు ఉండేది. ఈ వైరస్ గాజు పళ్ళెములలో పెంచే కణములలో పెరుగదు. కొన్ని కుందేళ్ళకు వ్యాధి కలిగించి, వాటి కాలేయము నుండి తీసిన వైరస్‌ను రసాయనములతో చంపి మిగిలిన వాటికి వేయవలసి వచ్చేది. ఇప్పుడు వైరస్ పైప్రోటీనును మాత్రము పురుగుల కణములలో పుట్టించి చేసిన టీకాలు వచ్చినవి. 2020లో ఈ వ్యాధి అమెరికా నైరృతి రాష్ట్రములలో అడవి కుందేళ్ళను ఊచకోత కోసిన తరువాత, 2021లో అక్కడ అత్యవసరముగా అనుమతించినది ఇటువంటిదే. అడవి కుందేళ్ళ గుంపులు లేని సింగపూరులో కూడా 2020లో వ్యాధి పెంపుడు కుందేళ్ళలో బయటపడినది. అపార్టుమెంటులో ఎత్తున ఉన్నాము, మా దగ్గరికి ఎట్లా వస్తుందనే ధీమాకు అది జవాబు.

మన సంగతి ఏమిటి? సింగపూరు నుండి చెన్నైకి నాలుగు గంటల విమాన ప్రయాణము. రాజస్థానులోని అవికానగర్ కేంద్ర సంస్థ, దాని శాఖ ఉన్న కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరు వంటి చోట్ల కుందేళ్ళపై పరిశోధన, పెంపకము చాలా కాలముగా ఉన్నవి. మన పట్టణములలో రంగుచేపలు అమ్మే దుకాణములలో కూడా ఇప్పుడు కుందేలు పిల్లలు దొరుకుతున్నవి. పార్లమెంటు 2009లో చేసిన జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టములోని జాబితాలో గాలికుంటు, ఆంత్రాక్సుల ప్రక్కనే కుందేళ్ళ రక్తస్రావ వ్యాధి, మిక్సోమా వ్యాధి రెండూ ఉన్నవి. జాబితాలోని వ్యాధి అని అనుమానము కలిగితే జంతువు యజమాని గ్రామాధికారికో పంచాయతీకో తెలుపవలెనని, అక్కడి నుండి పశువైద్యునికి సమాచారము వెళ్ళవలెనని ఆ చట్టము చెబుతుంది. ఇది చదివిన రోజున నాకు వేపచెట్టు క్రింద గొయ్యి గుర్తుకు వచ్చినది.

ఒక జంతువు చావును తెలుపుట వలన ఏమి ఒరుగుతుందని అడిగేవారికి మన పశువుల అనుభవము చాలును. మిక్సోమాకు జ్ఞాతి అయిన మరొక మశూచి జాతి వైరస్, పశువుల ఒంటి నిండా ముద్దలు లేపే లంపీ స్కిన్ వ్యాధి వైరస్, మన దేశములో మొదట 2019లో మన పొరుగున ఉన్న ఒడిశాలోనే కనిపించినది. మూడు సంవత్సరములు తిరిగేసరికి గుజరాతు, రాజస్థానులలో ఆవులు గుట్టలుగా పడిపోయినవి. ఆ మొదటి ముద్దలను చూసి నమూనా తీయించిన రైతు, పశువైద్యుల వలననే, వచ్చినది ఏమిటో దేశమునకు తెలిసినది.

కుందేళ్ళ విషయములో చిక్కు ఏమంటే, మన ప్రాంతములో వాటిని హఠాత్తుగా చంపేవి చాలా ఉన్నవి. కుందేలుకు చెమట పట్టదు. పొడుగు చెవులలోని రక్తనాళముల ద్వారానే అది వేడిని వదులుతుంది. గాలిలోని వేడి దాని ఒంటి వేడి అయిన 39 డిగ్రీలకు చేరువ అయితే ఆ దారి కూడా మూసుకొనిపోతుంది. రేకు క్రింద ఉంచిన గూటిలో మధ్యాహ్నమునకే ప్రాణము పోతుంది. పిల్లలలో కాక్సీడియా అనే ఏకకణ జీవి వలన విరేచనములు, పెద్దవాటిలో పాస్చురెల్లా బాక్టీరియా వలన చీముడు, ఊపిరితిత్తుల జబ్బు తరచు వస్తవి. పైకి చూసి ఫలానా అని చెప్పుట, నేను చెప్పినట్లు, గుడ్డి దెబ్బ. ఒకదాని వెంట ఒకటి రెండు మూడు రోజులలో పోయినా, ముక్కు నుండి రక్తము వచ్చినా పరీక్ష తప్పదు. కళేబరమును కోయకుండా రెండు ప్లాస్టిక్ సంచులలో మూటకట్టి, మంచుగడ్డల మధ్య ఉంచి, అదే రోజున పశువైద్యశాలకు చేర్చవలెను. విజయనగరము జిల్లాలో గరివిడి పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

బ్రతికి ఉన్నవాటి సంగతి. ఊరి బయట ఎక్కడో కోసిన గడ్డి కన్న ఇంటి పెరటి ఆకు మేలు. కొత్తగా కొన్న పిల్లను ఒక నెలరోజులు వేరే గూటిలో ఉంచి, పాతవాటికి మేత వేసిన తరువాతనే దానిని ముట్టుకోవలెను. వ్యాధి వచ్చి కోలుకొన్న జంతువు కూడా చాలా రోజులు వైరస్‌ను విడుస్తూ ఉంటుంది. గూటికి ఇనుప వల మాత్రమే ఉంటే చాలదు. దోమ, ఈగ దూరని సన్నని తెర కూడా కట్టవలెను. అనుమానపు చావు జరిగిన గూటిని మొదట సబ్బుతో కడిగి మురికి పోగొట్టి, ఆ పిమ్మట ఇళ్ళలో వాడే ద్రవపు బ్లీచు ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపి పది నిమిషములు తడిగా ఉంచవలెను. మురికి మీద బ్లీచు పోస్తే అది మురికితోనే పోరాడి అలసిపోతుంది. చెక్క గూడు అయితే కాల్చివేయుట సులభము. మూడు నాలుగు నెలల వరకు అక్కడ కొత్త కుందేలును పెట్టవద్దు. విదేశములో ఉన్న బంధువుల చేత టీకా సీసాలు తెప్పించుకొందామని కొందరికి తోచవచ్చును. అది చట్టము ఒప్పని పని, దారిలో చల్లదనము పోతే నీళ్ళతో సమానము. టీకా మాట మీ పశువైద్యునితోనే మాట్లాడండి.

అక్కతో మాట్లాడిన మరునాడు ఆ విద్యార్థిని పిలిపించి, నేను చెప్పినది నిర్ధారణ కాదని, ఊహ మాత్రమేనని ఒప్పుకొన్నాను. రెండవ కుందేలును వరండాలో నుండి చల్లని గదిలోకి మార్చి, తెర కట్టి, రోజూ రెండు పూటలా దాని మేత, జ్వరము ఒక పుస్తకములో వ్రాయమన్నాను. మూడు వారములు వ్రాసి తెచ్చినాడు. అది బాగానే ఉన్నది. మొదటిది ఎందుకు పోయినదో ఆ పుస్తకములో లేదు. ఆ గడి ఖాళీగా వదిలి, ప్రక్కన “నమూనా తీయలేదు” అని వ్రాసినాడు.